అపలాచియన్ ట్రైల్: స్వచ్ఛంద సంరక్షకులు, వారికిచ్చే పురస్కారాలు

అపలాచియన్ ట్రైల్ అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు భాగంలో, అపలాచియన్ పర్వతాల వెంట సాగే సుదీర్ఘమైన కాలిబాట. దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ మీద మొదలై, 14 రాష్ట్రాలను దాటి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. పొడవు సుమారు 2,190 మైళ్లు, అంటే 3,500 కిలోమీటర్లకు పైమాటే. బాట దాదాపు మొత్తం ప్రభుత్వ భూముల్లోనే ఉన్నా, దాన్ని నడవదగ్గ స్థితిలో ఉంచుతున్నది ప్రధానంగా జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. కరోనాకు ముందు సంవత్సరాల్లో ఏటా సుమారు 6,000 మంది, మొత్తం 2 లక్షలకు పైగా గంటలు ఇక్కడ శ్రమదానం చేసేవారు.

ఈ సేవను గుర్తించడానికి కాలక్రమంలో పలు స్థాయిల్లో పురస్కారాలు ఏర్పడ్డాయి. కొన్నింటిని బాట నిర్వహణ సంస్థ ఇస్తుంది, కొన్నింటిని మ్యూజియం ఇస్తుంది, మరికొన్ని కేంద్ర ప్రభుత్వం ద్వారా వస్తాయి. వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక చిక్కు ఉంది. బాట పని సరిగ్గా జరిగితే నడిచేవారికి ఏమీ కనిపించదు. దారికి అడ్డంగా చెట్టు పడి ఉండదు, వాననీరు మట్టిని కోసుకుపోదు, మలుపు దగ్గర తికమక ఉండదు. కనిపించని పనిని దేనితో కొలవాలన్న ప్రశ్నకు ఒక్కో సంస్థ ఒక్కో జవాబు ఎంచుకుంది. ఒకరు సంవత్సరాలు లెక్కపెట్టారు, ఒకరు గంటలు లెక్కపెట్టారు, ఒకరు బాట చరిత్రలో ఆ మనిషి స్థానం ఏమిటని చూశారు.

పుట్టుక

ఈ బాటను మొదట ఊహించినది బెంటన్ మకాయ్ (1879–1975). హార్వర్డ్‌లో అటవీశాస్త్రం చదివి, ప్రాంతీయ ప్రణాళికల వైపు మళ్లిన ఆయన 1921 అక్టోబరులో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. నగరాల్లో యంత్రాల మధ్య నలిగిపోతున్న జనం కోసం కొండల మీద విశ్రాంతి శిబిరాలు, వ్యవసాయ క్షేత్రాలు ఏర్పాటు చేసి, వాటన్నిటినీ ఒక కాలిబాటతో కలపాలన్నది ఆయన ప్రతిపాదన. శిబిరాలు, క్షేత్రాలు కాగితం మీదే మిగిలిపోయాయి. బాట మాత్రం కొండనడక క్లబ్బులను ఆకట్టుకుంది. 1923 అక్టోబరులో న్యూయార్క్ నగరానికి ఉత్తరాన బేర్ మౌంటెన్ ప్రాంతంలో తొలి భాగం తెరుచుకుంది. 1925 మార్చిలో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో అపలాచియన్ ట్రైల్ కాన్ఫరెన్స్ ఏర్పడింది. 2005 నుంచి దాని పేరు అపలాచియన్ ట్రైల్ కన్సర్వెన్సీ. సంస్థ తొలి అధ్యక్షుడు మేజర్ విలియం వెల్చ్. ఆ తరువాత కనెటికట్ రాష్ట్రానికి చెందిన న్యాయవాది ఆర్థర్ పెర్కిన్స్ పగ్గాలు చేపట్టి, మందగించిన పనిని మళ్లీ కదిలించారు.

బాటను నిజంగా నేల మీదికి తెచ్చిన ఘనత మైరన్ ఏవరీ (1899–1952) ది. మెయిన్ రాష్ట్రంలో పుట్టి, వాషింగ్టన్‌లో నౌకాయాన చట్టాల న్యాయవాదిగా పనిచేసిన ఆయన 1927లో పొటోమాక్ అపలాచియన్ ట్రైల్ క్లబ్ స్థాపకుల్లో ఒకరు. 1931 నుంచి 1952 దాకా కాన్ఫరెన్స్ అధ్యక్షుడు. కొలతచక్రం ఒకటి దొర్లించుకుంటూ బాటంతా నడిచి, దూరాలు రాసి, మార్గదర్శక పుస్తకాలకు సరుకు సమకూర్చారు. విడతలు విడతలుగా నడుస్తూ 1936 నాటికి మొత్తం బాటను పూర్తిచేసిన మొదటి మనిషిగా పేరుపొందారు.

మకాయ్‌కీ ఏవరీకీ మధ్య చివరికి పొసగలేదు. వర్జీనియా రాష్ట్రంలోని షెనాండోవా జాతీయ పార్కులో కొండల కొసల మీదుగా స్కైలైన్ డ్రైవ్ అనే మోటారు రోడ్డు వేసినప్పుడు, అది కొన్నిచోట్ల కాలిబాట స్థానాన్ని ఆక్రమించింది. కొండకొసలు వన్యంగానే మిగలాలని, రోడ్డును ఎదిరించాలని మకాయ్ అన్నారు. ప్రభుత్వంతో తగువు పెట్టుకుంటే బాట ఎన్నటికీ పూర్తికాదని, పక్కకు జరిపి కొత్త దారి వేసుకుందామని ఏవరీ అన్నారు. 1930 దశకం మధ్యలో ఇద్దరూ విడిపోయారు. 1935లో వన్యప్రాంతాల రక్షణ కోసం విల్డర్‌నెస్ సొసైటీని స్థాపించినవారిలో మకాయ్ ఒకరు. ఏవరీ బాట పనిలోనే ఉండిపోయారు. 1937 ఆగస్టు 14న మెయిన్‌లో ఆఖరి రెండు మైళ్లు తెరవడంతో బాట ఒక కొస నుంచి మరో కొసకు కలిసింది. ఆ ఆఖరి ముక్క వేసినవారు ఆర్థికమాంద్య కాలంలో ప్రభుత్వం ఉపాధి కల్పించిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ యువకులు. అంటే మొదటి నుంచీ ఈ బాట శ్రమదానానికీ సర్కారు సాయానికీ పుట్టిన ఉమ్మడి బిడ్డ.

కలిసిన బాట ఎంతోకాలం నిలవలేదు. 1938 సెప్టెంబరులో న్యూ ఇంగ్లండ్‌ను తాకిన పెనుతుఫాను చెట్లను కూల్చి బాటను ముక్కలు చేసింది. తరువాత ప్రపంచయుద్ధం వచ్చి పనిచేసేవారిని తీసుకుపోయింది. బాట మళ్లీ పూర్తిగా కలిసింది 1951లో. వేయడం ఒకసారి చేసే పని అనీ, నిలబెట్టడం ఎప్పటికీ తీరని పని అనీ క్లబ్బులు నేర్చుకున్నది ఆ పుష్కరకాలంలోనే. తరువాతి పురస్కారాలన్నీ ఆ రెండో పనిని దృష్టిలో పెట్టుకున్నవే.

చట్టాలు, బాధ్యతల పంపకం

తొలి నాలుగు దశాబ్దాలు బాటలో చాలా భాగం ప్రైవేటు భూముల మీదుగా, యజమానుల మాట మీద సాగింది. యజమాని మారితే దారి మూసుకుపోయేది. 1968 అక్టోబరు 2న వచ్చిన జాతీయ కాలిబాటల చట్టం దీనికి మొదటి జాతీయ సుందర కాలిబాటల్లో ఒకటిగా హోదా ఇచ్చింది. 1978 సవరణ భూసేకరణకు 9 కోట్ల డాలర్లు అనుమతించింది. జాతీయ పార్కుల సేవావిభాగం బాటకు ఇరువైపులా భూములు కొని, రక్షిత పట్టీగా మార్చసాగింది.

భూమి సర్కారు చేతికి వచ్చాక పని కూడా సర్కారు చేతికి పోవాలి కదా అన్న ప్రశ్న తలెత్తింది. 1984లో కుదిరిన ఒప్పందం దానికి అరుదైన జవాబు ఇచ్చింది. కొన్న భూముల నిర్వహణ బాధ్యతను పార్కుల విభాగం కాన్ఫరెన్స్‌కు అప్పగించింది. కాన్ఫరెన్స్ దాన్ని తన అనుబంధ క్లబ్బులకు పంచింది. నేడు 30 దాకా క్లబ్బులు తలా కొంత దూరం చూసుకుంటున్నాయి. 1876లో పుట్టిన అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వీటిలో అన్నిటికన్నా పాతది. క్లబ్బు తన వాటాను మళ్లీ చిన్నచిన్న ముక్కలు చేసి, కొన్ని మైళ్లు ఒక మనిషికో, ఒక కుటుంబానికో అప్పజెబుతుంది. ఫలానా వాగు నుంచి ఫలానా కనుమ దాకా ఎవరి జిమ్మా అంటే ఒక పేరు చెప్పగలగడం ఈ ఏర్పాటుకు మూలస్తంభం.

సేవకులకు చట్టరక్షణ కల్పించినవి మరో రెండు చట్టాలు. 1970 జులైలో అమల్లోకి వచ్చిన పార్కుల స్వచ్ఛంద సేవకుల చట్టం, 1972 నాటి జాతీయ అడవుల స్వచ్ఛంద సేవకుల చట్టం. వీటి ప్రకారం సేవకుడు ప్రభుత్వోద్యోగి కాడు. కాని పనిలో గాయపడితే పరిహారం విషయంలో, పని వల్ల ఇతరులకు నష్టం జరిగితే దావాల విషయంలో మాత్రం అతన్ని ఉద్యోగితో సమానంగా చూస్తారు. గొడ్డలి, మోటారు రంపం పట్టే పనికి మనుషులు ధైర్యంగా ముందుకు రావడానికి ఈ నిబంధన అవసరమైంది.

సేవకుల పని

పురస్కార ప్రశంసాపత్రాల్లో ఒక వాక్యంలో ముగిసే సేవ వెనుక ఉండే పనులు ఇవి.

మొదటిది గుర్తులు. చెట్ల కాండాల మీద, బండల మీద 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు గల తెల్లని పట్టీలు వేస్తారు. బాట పొడవునా ఇవి సుమారు 1,65,000 ఉన్నాయని అంచనా. ఒకదాని మీద ఒకటిగా రెండు పట్టీలుంటే ముందు మలుపో, గమనించవలసిన మరేదో ఉందని అర్థం. నీళ్లకూ, బసకూ, దృశ్యస్థలాలకూ పోయే పక్కదారులకు నీలిరంగు వాడతారు. చెట్టు పెరిగేకొద్దీ రంగు పగిలిపోతుంది కనుక కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి.

రెండోది నీటితో పోరు. కొండబాటకు పెద్ద శత్రువు నడిచేవాళ్ల కాళ్లకన్నా వాననీరు. వాలు వెంట దిగే నీరు బాటనే కాలువగా చేసుకుని మట్టిని కోసేస్తుంది. దాన్ని ఆపడానికి బాటకు ఏటవాలుగా దుంగనో, రాళ్ల వరసనో పాతి, నీటిని పక్కకు మళ్లిస్తారు. ఆ అడ్డుకట్ట వెనుక ఆకులూ మట్టీ పూడిపోతే నీరు దాని మీదుగా దూకి పాత దారే పడుతుంది. అందుకే క్రమం తప్పకుండా పూడిక తీయాలి. కోత మరీ ఎక్కువైనచోట రాతిమెట్లు పేరుస్తారు, లేదా వాలుకు అడ్డంగా మెలికలు తిరిగే కొత్త దారి తవ్వుతారు. చిత్తడి నేలల్లో పలకలు పరుస్తారు.

మూడోది చెట్లు, పొదలు. చలికాలపు మంచుకు, గాలివానకు విరిగిపడిన చెట్లను వసంతంలో నడకలు మొదలయ్యేలోగా తొలగించాలి. 1964 నాటి వన్యప్రాంతాల చట్టం కిందికి వచ్చే చోట్ల మోటారు యంత్రాలు నిషిద్ధం. అక్కడ ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగే పొడవాటి రంపంతోనే కోయాలి. మోటారు రంపమైనా, చేతి రంపమైనా ముందుగా శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవాలి. ఒకవైపు గొడ్డలి, మరోవైపు మట్టి తవ్వే పలక ఉండే పులాస్కీ అనే పనిముట్టు ఇక్కడ అందరి చేతా ఉంటుంది. 1910 నాటి పెద్ద కార్చిచ్చులో తన జట్టును కాపాడిన అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కీ పేరు మీద అది ప్రసిద్ధమైంది.

నాలుగోది బసలు, మరుగుదొడ్లు. దారి పొడవునా 250కి పైగా బసలున్నాయి. ఎక్కువభాగం మూడువైపుల గోడ, ఒకవైపు ఖాళీ ఉండే చెక్క కట్టడాలు. వాటి కప్పులు బాగుచేయడం, మరుగుదొడ్లలోని మలం చెక్కపొట్టుతో కలిసి ఎరువుగా మారేలా చూడడం, అవసరమైతే గుంత మార్చడం కూడా సేవకుల పనే. ఫొటోల్లోకి రాని ఈ పని చేయకపోతే బస పక్కనుండే ఊటనీరు తాగడానికి పనికిరాదు.

ఐదోది సహజ ప్రాంతాల కాపలా. బాటకు ఇరుపక్కలా ఉన్న రక్షిత భూమి సరిహద్దుల వెంట నడిచి, హద్దురాళ్లు వెతికి, కలప నరికివేత, ఆక్రమణ, చెత్త పారబోత ఉంటే నివేదిస్తారు. అరుదైన మొక్కల లెక్క, బయటి నుంచి వచ్చి పాకే కలుపుజాతుల తొలగింపు దీనిలో భాగం. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో తెగులుకు తుడిచిపెట్టుకుపోయిన అమెరికన్ చెస్ట్‌నట్ చెట్టు ఇంకా ఎక్కడెక్కడ మొలకెత్తుతోందో బాట వెంట లెక్కించినవారిలోనూ స్వచ్ఛంద సేవకులున్నారు. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని రోన్ పర్వతాల మీద చెట్లు లేని గడ్డిమైదానాలు ఉన్నాయి. వాటిని ముళ్లపొదలు కమ్మేయకుండా సేవకులు కోతలు సాగిస్తుంటారు. మేకలను మేపించి చూసిన ప్రయోగం కూడా జరిగింది.

ఒంటరి మనిషికి మించిన పనులకు వారంరోజుల జట్లు ఉంటాయి. 1983లో మొదలైన కానరాక్ జట్టు వీటిలో పేరున్నది. నైరుతి వర్జీనియా కేంద్రంగా, బాట దక్షిణ భాగంలో కొత్త దారులు తవ్వడం, రాతిమెట్లు కట్టడం దీని పని.

సంస్థ ఇచ్చే గుర్తింపులు

ట్రైల్ కన్సర్వెన్సీ, క్లబ్బులు ఇచ్చే గుర్తింపుల్లో ప్రధాన కొలమానం కాలం. 25 ఏళ్లు, 50 ఏళ్లు సేవచేసినవారిని గౌరవించే సంప్రదాయం ఉంది. యాభై ఏళ్ల గుర్తింపు అందుకునేవారు యవ్వనంలో పార పట్టి, మనవల తరం వచ్చేదాకా వదలనివారు. ఈ లెక్కలో ఒక తెలివి ఉంది. ఒక ఏడాది విపరీతంగా పనిచేసి మాయమయ్యే పదిమందికన్నా, తన రెండు మైళ్ల అడ్డుకట్టలను పాతికేళ్లు పూడకుండా చూసిన ఒక్కరి వల్లే బాటకు ఎక్కువ మేలు. కాలాన్ని కొలిస్తే ఆ ఒక్కరు కనిపిస్తారు.

వీటికి పైన సంస్థ ఇచ్చే అత్యున్నత గౌరవం గౌరవ సభ్యత్వం. ఏళ్ల లెక్కతో నిమిత్తం లేకుండా, బాట మనుగడ మీద అసాధారణమైన ముద్ర వేసినవారికి దీన్ని ఇస్తారు.

అపలాచియన్ ట్రైల్ హాల్ ఆఫ్ ఫేమ్

పెన్సిల్వేనియా రాష్ట్రంలో, బాట సగం దూరం దాటే చోటికి దగ్గరలో, పైన్ గ్రోవ్ ఫర్నెస్ స్టేట్ పార్కు ఉంది. అక్కడి రెండువందల ఏళ్లు దాటిన పాత పిండిమర భవనంలో 2010లో అపలాచియన్ ట్రైల్ మ్యూజియం తెరిచారు. మరుసటి ఏడాది, 2011లో, హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైంది. బాటకో, బాట చుట్టూ అల్లుకున్న సమాజానికో విశేషంగా మేలుచేసినవారిని దీనికి ఎంపిక చేస్తారు. ఎంపికైనవారికి చేతితో మలిచిన నడకకర్ర బహూకరించడం ఇక్కడి ఆనవాయితీ.

తొలి జాబితాలో ఆరుగురున్నారు: బెంటన్ మకాయ్, ఆర్థర్ పెర్కిన్స్, మైరన్ ఏవరీ, ఎర్ల్ షాఫర్, జీన్ ఎస్పీ, ఎడ్ గార్వీ. బతికుండగా విడిపోయిన మకాయ్, ఏవరీ ఒకే జాబితాలో చేరారు. ఊహించినవాడు గొప్పా, తవ్వినవాడు గొప్పా అన్న పాత వాదానికి మ్యూజియం ఇద్దరినీ మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టి తెరదించింది. షాఫర్ 1948లో ఒకే విడతలో బాటంతా నడిచానని ప్రకటించిన మొదటి యాత్రికుడు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుడైన ఆయన, 79 ఏళ్ల వయసులో, 1998లో, మళ్లీ పూర్తిచేశారు. ఎస్పీ 1951లో నడిచారు. గార్వీ నడిచినవాడూ, బాటను బాగుచేసినవాడూ, దాని గురించి రాసినవాడూ.

2012 జాబితా ఈ గౌరవం ఎంత విశాలమో చూపిస్తుంది. ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, 67 ఏళ్ల వయసులో, ఒంటరిగా, ఒకే విడతలో బాట పూర్తిచేసిన తొలి మహిళ. మామూలు కాన్వాసు బూట్లతో నడిచిన ఈ ముసలమ్మ పత్రికలవారితో బాట పరిస్థితి బాగాలేదని మొహమాటం లేకుండా చెప్పారు. ఆ విమర్శ బాట సంరక్షణ మీద జనం దృష్టి పడేలా చేసింది. జీన్ స్టీఫెన్సన్ 1939లో సంస్థ పత్రికను ప్రారంభించి దీర్ఘకాలం సంపాదకత్వం వహించారు. ఫ్రాంక్ షైరర్ పొటోమాక్ క్లబ్బులో బాటల పర్యవేక్షకుడు. డేవిడ్ రిచీ భూసేకరణ కీలకదశలో పార్కుల విభాగం తరఫున బాట కార్యాలయాన్ని నడిపిన ప్రభుత్వాధికారి. తొలి అధ్యక్షుడు మేజర్ వెల్చ్ పేరు కూడా ఆ ఏడాదే చేరింది. నడిచినవారు, రాసినవారు, తవ్వినవారు, దస్త్రాలు కదిపినవారు అందరూ సంరక్షకులేనన్నది హాల్ ఆఫ్ ఫేమ్ తీసుకున్న వైఖరి.

హార్ట్‌జోగ్ పురస్కారాలు

బాట జాతీయ పార్కుల వ్యవస్థలో భాగం కనుక, దాని సేవకులు జాతీయ స్థాయిలో జార్జ్, హెలెన్ హార్ట్‌జోగ్ విశిష్ట స్వచ్ఛంద సేవా పురస్కారాలకు అర్హులు. జార్జ్ హార్ట్‌జోగ్ (1920–2008) దక్షిణ కరోలినాలో పుట్టి, 1964 నుంచి 1972 దాకా జాతీయ పార్కుల సేవావిభాగానికి ఏడో సంచాలకుడిగా పనిచేశారు. ఆయన హయాంలో 60కి పైగా కొత్త ప్రాంతాలు పార్కుల వ్యవస్థలో చేరాయి. 1970 నాటి స్వచ్ఛంద సేవకుల చట్టం ఆయన పట్టుదల ఫలితం. అంతకుముందు ప్రభుత్వ సంస్థ ఉచిత సేవను స్వీకరించడానికే చట్టం అడ్డుపడేది. ఆ అడ్డు తొలగాక పార్కుల్లో స్వచ్ఛంద సేవ పెద్ద వ్యవస్థగా ఎదిగింది. 2010 దశకం మధ్యలో దేశమంతటా పార్కుల్లో ఏటా 3 లక్షల మంది దరిదాపున, 70 లక్షల గంటల పైచిలుకు సేవచేసినట్టు లెక్కలున్నాయి.

పదవి విడిచిన చాలా కాలానికి, 1998లో, హార్ట్‌జోగ్ దంపతులు జాతీయ పార్కుల ఫౌండేషన్‌కు విరాళమిచ్చి, సేవకులను గౌరవించడానికి ఒక నిధి ఏర్పాటు చేశారు. దాని నుంచి పుట్టినవే ఈ పురస్కారాలు. వ్యక్తులు, యువకులు, యువబృందాలు, పెద్దల బృందాలు, స్వచ్ఛంద సేవా కార్యక్రమాన్ని చక్కగా నడిపిన పార్కు అన్న విభాగాలున్నాయి. దీర్ఘకాల సేవకు వేరే విభాగం ఉంది. పార్కులు పేర్లు ప్రతిపాదిస్తాయి. ప్రాంతీయ స్థాయిలో నెగ్గినవి జాతీయ స్థాయికి వెళ్తాయి.

విభాగాల కూర్పులో గమనించదగ్గ సంగతి బృందాలకు విడిగా చోటివ్వడం. రాతిమెట్లు కట్టడం, వంతెన వేయడం వంటి పనులు ఏ ఒక్కరివీ కావు. అలాంటి పనికి ఒక మనిషిని ఎంచి సన్మానిస్తే మిగతావారికి అన్యాయం. అలాగే పార్కునే ఒక విభాగం చేయడం వల్ల, సేవకులను చేర్చుకుని, శిక్షణ ఇచ్చి, పనిముట్లు అందించే సమన్వయకర్త శ్రమ కూడా లెక్కలోకి వస్తుంది.

గంటల కొలత

కేంద్ర ప్రభుత్వ భూముల్లో సేవకు అన్నిటికన్నా విస్తారంగా వాడే కొలత గంట. పార్కులు, అడవులు వంటి కేంద్ర సంస్థల్లో 250 గంటలు పూర్తిచేసినవారికి దేశవ్యాప్తంగా ప్రవేశ రుసుము లేకుండా తిరిగే స్వచ్ఛంద సేవకుల పాస్ ఇస్తారు. జార్జ్ బుష్ ప్రభుత్వం 2003లో ఏర్పాటుచేసిన అధ్యక్షుడి స్వచ్ఛంద సేవా పురస్కారం కూడా గంటల మీదే నడిచింది. పెద్దలకు 12 నెలల్లో 100 గంటలు దాటితే కాంస్యం, 250 దాటితే రజతం, 500 చేరితే స్వర్ణం. జీవితకాలంలో 4,000 గంటలు చేరితే ప్రత్యేక పురస్కారం. అమెరికాలోని భారతీయ కుటుంబాల పిల్లలకు బాగా పరిచయమైన గుర్తింపు ఇది. తెలుగు సంఘాలు కూడా తమ కార్యక్రమాల్లో పిల్లలు చేసిన సేవను గంటల్లో లెక్కగట్టి దీనికి సిఫార్సు చేస్తూ వచ్చాయి. 2025లో ఈ పురస్కారాన్ని తాత్కాలికంగా నిలిపివేశారు.

4,000 గంటలంటే రోజుకు 8 గంటల చొప్పున 500 పనిదినాలు. నెలకు రెండు రోజులు బాట మీద గడిపే మనిషికి అది సుమారు 21 ఏళ్ల పని. గంటల లెక్కా ఏళ్ల లెక్కా చివరికి ఒకేచోట కలుస్తాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

కొలమానాల మీద చర్చ

గంటల లెక్కకు ఆచరణలో పెద్ద ప్రయోజనం ఉంది. క్లబ్బులు సమర్పించే గంటల నివేదికలు ప్రభుత్వం ముందు బాట విలువను నిరూపించే సాక్ష్యాలు. ఇండిపెండెంట్ సెక్టర్ అనే సంస్థ 2022 సంవత్సరానికి స్వచ్ఛంద సేవ విలువను గంటకు సగటున 31.80 డాలర్లుగా అంచనా వేసింది. ఆ చొప్పున 2 లక్షల గంటల శ్రమ 63 లక్షల డాలర్లు దాటుతుంది. అయితే కాగితం మీద రాసినవారి గంటలే లెక్కకు వస్తాయి. సాయంత్రం నడకకు వెళ్లి, దారిలో పడిన కొమ్మను పక్కకు లాగి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లే మనిషి ఏ నివేదికలోనూ ఉండడు.

రెండో అభ్యంతరం తీరిక గురించి. దీర్ఘకాలం, ఎక్కువ గంటలు ఇవ్వగలిగేవారు చాలావరకు ఉద్యోగ విరమణ చేసినవారు, బాటకు దగ్గరలో ఇల్లున్నవారు, కారున్నవారు. వారాంతంలో కూడా పనికి పోవలసిన మనిషి ఎంత ఇష్టమున్నా ఈ కొలమానంలో వెనకబడతాడు. మూడోది బడ్జెట్ గురించిన భయం. ఉచిత శ్రమను ఎంత పొగిడితే, జీతమిచ్చి నియమించవలసిన సిబ్బందిని తగ్గించడానికి అంత వీలు చిక్కుతుందన్నది ఆ వాదం. సేవకులకు శిక్షణ, పనిముట్లు, భద్రతా సామగ్రి, సమన్వయం కావాలి. అవన్నీ జీతం తీసుకునే మనుషులు చేసే పనులు. శ్రమదానం ఉచితమే కాని, దాన్ని నడపడం ఉచితం కాదు.

ఇతర దేశాల్లో

బాటలను సేవకులు చూసుకునే పద్ధతి ఐరోపాలో ఇంకా పాతది. 1888లో ఏర్పడిన చెక్ పర్యాటకుల క్లబ్ మరుసటి ఏడాదే తొలి బాటకు రంగు గుర్తులు వేసింది. నేడు ఆ దేశంలో 40,000 కిలోమీటర్లకు పైగా గుర్తులున్న బాటలను దాని సేవకులే నిర్వహిస్తున్నారు.

భారతదేశంలో పరిస్థితి వేరు. అడవిలో బాటలు అటవీశాఖ అధీనంలో ఉంటాయి. బాట నిర్వహణను క్లబ్బులకు అప్పగించే జాతీయ ఏర్పాటు లేదు. అందువల్ల ఇక్కడి గుర్తింపులు బాటకన్నా చెట్టు, జంతువు చుట్టూ ఏర్పడ్డాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాష్ట్రాలు జీతం లేని గౌరవ వన్యప్రాణి వార్డెన్లను నియమించవచ్చు. కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే అమృతాదేవి బిష్ణోయ్ పురస్కారం, 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీలో జమ్మిచెట్లను నరకకుండా అడ్డుకుని ప్రాణాలిచ్చిన 363 మందిని తలపిస్తుంది. తెలంగాణలో ఖమ్మం జిల్లాకు చెందిన దరిపల్లి రామయ్య, కోటికి పైగా మొక్కలు నాటారని ప్రసిద్ధి పొంది, వనజీవి రామయ్యగా ఇంటింటికీ తెలిశారు. 2017లో పద్మశ్రీ అందుకుని, 2025లో కన్నుమూశారు. ఎవరూ నియమించకుండా, జీతం లేకుండా దశాబ్దాలు చేసిన పనికి దక్కిన గుర్తింపు కావడంతో అది అపలాచియన్ సేవకుల గౌరవాలకు దగ్గరగా ఉంటుంది.

నేటి స్థితి

2024 సెప్టెంబరు చివరలో హెలీన్ తుఫాను జార్జియా నుంచి వర్జీనియా దాకా బాటను ఛిన్నాభిన్నం చేసింది. వేల చెట్లు కూలాయి, వంతెనలు కొట్టుకుపోయాయి, దారులు జారిపోయాయి. దక్షిణ భాగంలో వందల మైళ్ల మేర నడవవద్దని సంస్థ హెచ్చరించవలసి వచ్చింది. స్థానిక క్లబ్బుల రంపపు జట్లు, ప్రభుత్వ సిబ్బంది కలిసి అడ్డంకులు తొలగించడంతో చాలా భాగం మరుసటి వసంతానికి చుట్టుదారులతోనైనా నడవదగ్గదిగా మారింది. 1938 తుఫాను తరువాత బాట తిరిగి కలవడానికి 13 ఏళ్లు పట్టిందని గుర్తుంచుకుంటే, మధ్యకాలంలో పెరిగిన శిక్షణ, సంస్థాబలం ఎంతో అర్థమవుతుంది.

క్లబ్బుల ముందున్న దీర్ఘకాల సమస్య వయసు. పాతికేళ్ల, యాభై ఏళ్ల గుర్తింపులు అందుకున్న తరం రంపాలు పక్కన పెడుతోంది. వారి స్థానంలోకి రావలసిన యువతకు ఒకేచోట దశాబ్దాలు స్థిరపడే జీవితం అరుదైపోయింది. అందుకే వారంరోజుల జట్లు, ఒకరోజు పనులు, విద్యార్థి బృందాలకు ప్రాధాన్యం పెరిగింది. హార్ట్‌జోగ్ పురస్కారాల్లో యువతకు ప్రత్యేక విభాగాలుండడం ఆ దిశలోనిదే. పురస్కారం పని ముగిశాక వస్తుంది కనుక, అది ఉన్నవారిని నిలబెట్టగలదు కాని కొత్తవారిని తీసుకురాలేదు. కొత్తగా వచ్చిన మనిషి చేతికి మొదటి రోజు పార ఇచ్చి, నీరు ఎటు పోతోందో చూపించే అనుభవజ్ఞుడు పక్కనుండాలి. ఆ అనుభవజ్ఞుడిని గుర్తించి పదిమందికీ చూపించడమే ఈ పురస్కారాలు చేయగల అసలైన మేలు.